మధ్య కుర్చీ

మనిషి ముసలివాడయ్యాడు గానీ గొంతు ముసలిది కాలేదు. "మంచినీళ్ళు రోన్ని తెప్పియ్యప్పా, ఎండ శానా ఉండాది" అని వరండా మలుపు అవతల అటెండరుతో అంటున్న ఆ గొంతు ముందు వచ్చింది, మనిషి దాని వెనక వచ్చాడు. చేతికర్ర, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. బెంచీ మీద కూర్చున్న జ్ఞానమణి ఒళ్ళో పుస్తకం తెరిచినట్టే ఉంది, అందులో అక్షరాలు మాత్రం ఎటో పోయాయి. ఆయన ఆమె ముందు నుంచే నడిచాడు. లేచి నిలబడ్డ పిల్లలందరికీ కలిపి చెయ్యెత్తి, ఆశీర్వాదం ఇచ్చి ఇచ్చి అలవాటుపడ్డ చెయ్యి అది, "కూసోండమ్మా, కూసోండి" అంటూ పరీక్ష గదిలోకి పోయాడు. జ్ఞానమణి ఒక్కతే లేవలేదు. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని సాకిన పగ తీరా మనిషి ఎదురుపడితే చేయగలిగింది ఇంతేనా, లేవకపోవడమేనా అని ఆమెకు తన మీద తనకే నవ్వొచ్చింది.

యేసుప్రసాద్ అయ్యగారు. ఒకప్పుడు మిషన్ హాస్టలుకు వార్డెను. జర్మనీ నుంచి దొరలు వస్తే పక్కన నిలబడి తర్జుమా చెప్పేవాడు. ఇవాళ ఎం.ఏ. ఆధునిక భాషల చివరి పరీక్షకి, నోటితో చెప్పే పరీక్షకి, బయటినుంచి పిలిపించిన పెద్దమనిషి ఈయనేనన్నమాట. కడపలో జర్మన్ వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు గనక, శాఖవాళ్ళు ఎవరిని వెతికినా చివరికి ఈయన గుమ్మం ముందే తేలుంటారు. ఈ మాట తనకు ఒక్క రోజు ముందు తెలిసుంటే ఏం చేసేది? రాకుండా ఉండేదా? ఉండేది కాదు. రాత్రంతా మాటలు కూర్చుకునేది, ఒకదాని మీద ఒకటి రాళ్ళు పేర్చినట్టు. తెలియకపోవడమే మేలైంది, పేర్చిన రాళ్ళు తీరా సమయానికి ఎప్పుడూ చేతికి రావు. వరండాలో పరిచిన నాపరాళ్ళు కాళ్ళకింద సెగ చిమ్ముతున్నాయి. ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు.

నలభై దాటాక రెండో డిగ్రీకి వచ్చిన మనిషి ఆమె. మొదటి డిగ్రీ లెక్కల్లో. పత్తికొండలో ఒక ప్రైవేటు బడిలో పదిహేనేళ్ళు లెక్కలు చెప్పింది, నాయన పోయిన ఏడాది ఆ ఉద్యోగం వదిలేసి ఇక్కడ చేరింది. చేరిన రోజు అటెండరు ఆమెను కొత్త లెక్చరరనుకుని కుర్చీ తుడిచి వేశాడు. ఎందుకు చేరావంటే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పింది. కంపెనీల్లో అనువాదం పనులుంటాయని అత్తకు, ఊరికే ఉండబుద్ధి కావడం లేదని స్నేహితురాళ్ళకు. మొగుడు ఏసుబాబు మాత్రం ఏ జవాబూ నమ్మలేదు. "జర్మనీకి పోతావా ఏంది? పోయేట్టుంటే నన్ను గూడా సంచిలో ఏసుకోనిపో, ఈడ ఎండకు సస్తాండా" అన్నాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం, అన్నం తింటూ, తలెత్తకుండా, "ఎవరి మీద కోపంతో సదువుతాండావో ఆ కోపం సల్లారినాక మళ్ళ ఇంటికి రా" అన్నాడు. మంచివాడే. మంచివాళ్ళకు చెప్పలేని సంగతులు కొన్ని ఉంటాయి, చెబితే వెంటనే వాటిని క్షమించేయమంటారు.

వాళ్ళది కోసిగి. వానలు మొహం చాటేసిన ఏడు ఊరికి ఊరే సుగ్గికి, పరాయి ఊళ్ళకు కూలికి, పోతుంది, తలుపులకు తాళాలు, వీధుల్లో ముసలివాళ్ళు, కుక్కలు. గుంటూరు వైపు మిరపచేలలో కాయ కోసి, ఎండిన కాయ మూటలు కట్టి, ఎండాకాలానికి తిరిగి వస్తారు. ఆ ఏడు నాయన శాంతయ్య చిన్నదాన్ని, జ్ఞానమణిని, వెంట పెట్టుకుని, పెద్దదాన్ని, జెస్సీని, మిషన్ హాస్టల్లో వదిలిపెట్టాడు. చదువుకునే బిడ్డ, చేలగట్ల మీద పడుకుంటే పాడైపోతుందని. తాము ఏ ఊళ్ళో ఉండేదీ చెప్పిపోయాడు కూడా. కాని ఆ చేలో కాయ తొందరగా అయిపోయింది, మేస్త్రీ ఇంకో ఊరికి తోలుకుపోయాడు, అక్కడినుంచి మరో ఊరికి. సుగ్గికి పోయిన మనిషి అడ్రసు గాలిపటం లాంటిది, దారం ఎవరి చేతిలోనూ ఉండదు. హాస్టల్లో జ్వరాలు వచ్చాయి. ముగ్గురు పిల్లలు పోయారు. వీళ్ళు ఎండాకాలం మొదట్లో మిరప ఘాటు పట్టిన బట్టల్తో, తుమ్ముతూ, బస్సు దిగి నేరుగా హాస్టలుకు పోతే, జెస్సీ మంచం మీద ఇంకెవరో పిల్ల కూర్చుని జడ వేసుకుంటోంది.

గుట్ట కింద మూడు దిబ్బలు. పేరు లేదు, శిలువ లేదు. ఏది నా బిడ్డదయ్యా అని నాయన అడుగుతాడు, యేసుప్రసాద్ అయ్యగారు ఆకాశం చూపిస్తాడు. ఆడ ఉండాది శాంతయ్యా నీ బిడ్డ, మంటిలో ఏముండాది. నాయన మళ్ళీ అడుగుతాడు. ఆయన మళ్ళీ ఆకాశం. ఎవరు ఎన్ని వేదవాక్యాలు చెప్పినా నాయనకు కావలసింది ఒక్కటే, ఏ దిబ్బ అని. ఆ వారమే జర్మనీ దొరలు వచ్చారు. గుడి ముందు షామియానా, కాగితపు తోరణాలు, పిల్లల పాటలు. నాయన ఎవరినీ అడగకుండా వేదిక ఎక్కాడు. పదకొండేళ్ళ జ్ఞానమణి ఆయన వేలు పట్టుకునే ఎక్కింది. నాయన మాట్లాడుతూనే ఉన్నాడు. అంతసేపు మాట్లాడడం ఆమె అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మెడలో నరాలు ఉబ్బి, తువ్వాలతో మొహం తుడుచుకుని, ఆ తువ్వాల్లోని మిరప ఘాటుకు కళ్ళు ఇంకా మండి, మళ్ళీ మాట్లాడి. ఆయన ఆపగానే యేసుప్రసాద్ అయ్యగారు దొర వైపు తిరిగి, చిరునవ్వుతో, ఇంతంటే ఇంతే చెప్పాడు. రెండు వాక్యాలు. ఎర్ దాంక్ట్ ఈనెన్. ఎర్ ప్రైస్ట్ గాట్.

దొర లేచి వచ్చాడు. నాయనను కావలించుకున్నాడు. దొర కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే జనం చప్పట్లు కొట్టారు, ఎవరో ఫోటో తీశారు. నాయన భుజం మీద ఆ తువ్వాలే ఉంది, దాని మీదే దొర మొహం. ఆ కన్నీళ్ళు నాయన మాటకు వచ్చినవి కావు. అసలు ఎవరి మాటకూ వచ్చినవి కావు, గుంటూరు మిరపకాయకు వచ్చినవి. కాని నాయన చచ్చేదాకా వాటి మీదే బతికాడు. "నా బాద ఇని దొర ఏడ్సినాడమ్మీ. ఎంత పెద్ద మనిసి! ఇంగ దిబ్బ ఏదైతేనేమి, అడగల్సిన తావులో అడిగినా." తాగినప్పుడు చెప్పేవాడు, తాగనప్పుడు చెప్పేవాడు. చివరి జ్వరంలో డాక్టరుకు చెప్పాడు. అంతసేపటి మాట అంత చిన్నదిగా ఎట్లా అయిందని ఆ చిన్నపిల్లకు మాత్రం ఎప్పుడూ ఒక అనుమానం. తూకంలో మోసం పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. అయితే పసిపిల్ల అనుమానాన్ని ఏం చేస్తుంది? ఆటలో పెట్టుకుంటుంది. ఆ వింత శబ్దాలు ఆమె నాలుకకు ఎంత ముద్దుగా అంటుకున్నాయంటే, ఆ ఎండాకాలమంతా తొక్కుడుబిళ్ళకు అదే పాట. ఎర్‌దాంక్ అని ఒక గడి, తీనెన్ అని ఇంకో గడి, ఎర్‌ప్రైస్ అని ఒంటికాలు, గాట్ అని రెండు కాళ్ళు. వీధి పిల్లలందరికీ నేర్పింది. అక్క మీద మన్ను కప్పిన మాటల మీద చెల్లెలు గెంతింది, గెలిచింది కూడా.

ఆ సంగతి ఆమెకు తెలియడానికి ముందు ఆమె కాలికి తెలిసింది. ఇక్కడ చేరిన మొదటి నెల. ఎవరికైనా కృతజ్ఞత ఎలా చెప్పాలో క్లాసులో నేర్పుతున్నారు, పిల్లలంతా గొంతు కలిపి వల్లిస్తున్నారు, నేను చెప్తాను, నువ్వు చెప్తావు, ఆయన చెప్తాడు. ఎర్ దాంక్ట్ అనేసరికి బల్ల కింద ఆమె కుడికాలు నేల వదిలి లేచింది. తొక్కుడుబిళ్ళ మొదటి గడి. అట్లాగే గాలిలో నిలబడిపోయింది. ఆయన మీకు కృతజ్ఞతలు చెప్తున్నాడు. ఆయన దేవుణ్ణి స్తుతిస్తున్నాడు. ఆ రోజు క్యాంటీన్లో కూర్చుని నీళ్ళ గ్లాసు ముందు ఎంతసేపు నవ్విందో తెలియదు, వడ్డించే మనిషి వచ్చి "ఏమైందమ్మా, బాగుండావా?" అని అడిగాడు. తెలుసుకోవడమే పని అయితే ఆ రోజే చదువు ముగిసిపోవాలి. ముగియలేదు. తెలుసుకోవడం వేరు, చెప్పగలగడం వేరు. నాయన అన్న ప్రతి మాటనూ, నరాల ఉబ్బుతో సహా, తువ్వాలతో సహా, ఆ భాషలోకి తిప్పి దొర ముందు నిలబడి అప్పజెప్పాలి. రెండేళ్ళు ఆమె చదివింది జర్మన్ కాదు, ఆ ఒక్క ఉపన్యాసాన్ని. బస్సులో కూర్చుని, అంట్లు తోముతూ, సమాధి, మన్ను, మొహం, జ్వరం, ఒక్కొక్క మాటా. కిందటి ఏడు దొర గురించి ఆరా తీస్తే, ఎప్పుడో, ఏదో వృద్ధాశ్రమంలో, నిద్రలోనే పోయాడని తెలిసింది. బిగించి తిప్పిన వడిసెల చేతిలోనే ఉండిపోయింది, పిట్ట లేదు. ఇప్పుడు ఇంకో పిట్ట చేతికర్ర పట్టుకుని నడిచొచ్చి తన కాళ్ళ ముందునుంచే పోయింది, కూసోండమ్మా అంటూ.

తలుపు తెరుచుకుని భువన బయటికొచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఆదోని దగ్గరి ఊరు, మొదటి రోజు నుంచి జ్ఞానమణి పక్కనే కూర్చుని ఆమె నోట్సూ ఆమె డబ్బాలో అన్నమూ పంచుకున్నది. "అయిపాయ అక్కా! సెమట సూడు, చున్నీ పిండొచ్చు."

"ఏమడుగుతాండారు?"

"మూడు కుర్చీలు ఏసినారు. ఒగపక్క ఆ తాత, ఒగపక్క ఊర్సులా మేడం, మధ్య కుర్చీలో మనం. తాత తెలుగులో చెప్తాడు, మనం మేడంకు జర్మన్‌లో చెప్పల్ల. మేడం అడిగేది తాతకు తెలుగులో చెప్పల్ల. తాతకు జర్మన్ వస్తాది గానీ రానట్టుండల్లంట, అదీ రూలు. అబ్బ, ఏం నటన అక్కా! నేను ఒకతావు మొత్తం తప్పు చెప్తి, మొగం మార్సలేదు. రాయి."

"మొగం మార్సడు" అంది జ్ఞానమణి. "దేని గురించి చెప్తాండాడు?"

"వాళ్ళ హాస్టలు సంగతులే. నువ్వు భయపడాకు, నీకు నోటికొచ్చు కదా అన్నీ. మార్కులు సగం తాత చేతిలోనే ఉండాయంట, రోంత నవ్వుతా చెప్పు. నీది ఎప్పుడూ కొట్లాడే మొగం."

మార్కులు సగం ఆయన చేతిలో. ఇది తప్పితే మళ్ళీ ఏడాది. వదిలేసిన ఉద్యోగం, బస్సుల్లో అరిగిన రెండేళ్ళు, అత్త ముందు, ఊరి ముందు, ఏసుబాబు మంచితనం ముందు దించుకోవలసిన తల. చక్కగా చెప్పి రావచ్చు. నవ్వుతూ చెప్పి, పట్టా తీసుకుని, తర్వాత ఎప్పుడైనా, ఆయన ఇంటికే పోయి, గుమ్మంలో నిలబడి అడగొచ్చు. అడిగితే? మళ్ళీ ఆకాశం చూపిస్తాడు. మొహాన ఉమ్మితే? ఉమ్మి తుడుచుకుని, క్షమించాను తల్లీ అంటాడు, క్షమించడం కూడా ఆయనే పట్టుకుపోతాడు. అందరి ముందూ అరిస్తే పిచ్చిదంటారు. అరుపుకు తర్జుమా ఉండదు. తనకు కావలసింది ఆయన ఏడవడం కాదు, చావడం కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన నోటి మాటను పక్కవాడు మింగేస్తుంటే చూస్తూ నిలబడడం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియాలి. నాయనకు అది కూడా తెలియలేదు. తెలియకపోవడమే నాయన అదృష్టమా? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె పగ ఒక క్షణం తడబడేది, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు. ఆ అబద్ధమే లేకపోతే నాయన ఏ దిబ్బ ముందు పడి చచ్చేవాడో. అయితే దానికీ ఈయనకే రుణపడాలా?

"జ్ఞానమణి, కోసిగి" అని అటెండరు పిలిచాడు.

గదిలో చల్లగా ఉంది. ఊర్సులా మేడం నవ్వి మధ్య కుర్చీ చూపించింది. ముప్పై ఏళ్ళ మనిషి, ఆరు నెలల కింద జర్మనీ నుంచి వచ్చింది, తెలుగులో నీళ్ళు, అన్నం, చాలు, ఈ మూడు మాటలే వచ్చు. క్లాసులో ఆమె ఎప్పుడూ ఒకటే చెబుతుంది, మధ్యలో కూర్చున్నవాళ్ళు ఆయన అన్నాడు, ఆమె అంది అనకూడదు, ఎవరి మాట చెబుతున్నారో వాళ్ళే అయిపోయి నేను అనాలి అని. నాయనకు ఆ నేను కూడా దక్కలేదు. ఎర్. ఆయన. వేదిక మీద ఎదురుగా నిలబడ్డ మనిషి, ఆయన.

"కోసిగా అమ్మా?" అన్నాడు యేసుప్రసాద్ అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుంటూ. "కోసిగి బిడ్డలు మా హాస్టల్లో శానామంది ఉండ్రి." ఆ కళ్ళలో ఏ గుర్తూ లేదు. బల్ల మీద ఆయన వేలు మెల్లగా తాళం వేస్తోంది. ఆ వేలి పక్కనే మార్కుల కాగితం. ఆయన మొదలుపెట్టాడు. ముందు హాస్టలు భవనం సంగతి. ఆమె తిప్పి చెప్పింది, మాటకు మాట, ఎక్కడా తడుముకోకుండా. మేడం తల ఊపింది. తర్వాత అక్కడ చదివి పైకొచ్చిన డాక్టర్లు, పంతుళ్ళు. అదీ చెప్పింది. పట్టా రెండడుగుల దూరంలో ఉంది. అప్పుడాయన, ఎన్ని వేదికల మీద అన్నాడో అంత నున్నగా, "సుగ్గికి పోయే తల్లిదండ్రులు బిడ్డల్ని మా చేతుల్లో పెట్టి నిశ్చింతగా పోయేవాళ్ళు" అన్నాడు.

నిశ్చింతగా. బల్ల కింద ఆమె కుడికాలు లేచింది.

ఆమె మేడం వైపు తిరిగి, అయ్యగారి మాట వదిలేసి, నాయన మాటగా, "నేను" అంది. నేను సుగ్గికి పోయుంటిని. మీ బడిలో బిడ్డ బాగుంటుందని వదిలిపోయుంటిని. వచ్చేసరికి లేదన్నారు. జ్వరమన్నారు. సరే, జ్వరాన్ని దేవుడు పంపిస్తాడు, దాని గురించి అడగను. నా బిడ్డ మొహం నాకు చూపించకుండా మన్ను ఎట్లా వేశారు? గుట్ట కింద మూడు దిబ్బలున్నాయి. ఏది నా బిడ్డదంటే ఆకాశం చూపిస్తారు. నేను ఆకాశం ముందు మోకరించలేను, నా మోకాళ్ళు మన్నువి. మూడింటి ముందూ ఏడుద్దామంటే తక్కిన రెండూ ఎవరి బిడ్డలో, వాళ్ళ ఏడుపు నేనెట్లా ఏడ్చేది? జర్మన్ మాటలు ఒకదాని వెనక ఒకటి, గుడి నుంచి జనం బయటికొచ్చినట్టు, తోసుకోకుండా వచ్చాయి. ఎక్కడ నాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడో అక్కడ ఆమె ఆగింది. ఎక్కడ గొంతు పెంచాడో అక్కడ పెంచింది.

బల్ల మీద వేలు ఆగిపోయింది. మొహం మారలేదు, భువన చెప్పినట్టే రాయి. కాని రాయికి చెమట పట్టింది. ఒక్క వాక్యం, ఆయనకు బాగా వచ్చిన ఆ భాషలో, నేనన్నది ఇది కాదు అనే ఒక్క వాక్యం చాలు, ఆమె రెండేళ్ళూ మట్టిలో కలుస్తాయి. ఆమె ఎదురుచూసింది. మరి ఎవరన్నారు ఇది అని మేడం అడుగుతుంది కదా. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఏ భాషలోనూ జవాబు లేదు.

ఊర్సులా మేడం, అదంతా ముసలాయన సొంత కథే అనుకుని, పరీక్ష సంగతే మరిచిపోయి ఆయన వైపు వంగింది. చాలా మెల్లగా అడిగింది. జ్ఞానమణి మాటకు మాట తెలుగులోకి తిప్పింది. "మీ బిడ్డ సమాధి యాడ ఉండాదని అడుగుతాండారు అయ్యగారూ."

ఆయన మేడంను చూడలేదు. జ్ఞానమణి మొహంలో దేన్నో వెతుకుతున్నట్టు చూశాడు, నుదురు, ముక్కు, దవడ. తర్వాత తెలుగులో, ఆ నున్నటి గొంతు ఎక్కడో చిట్లగా, "శాంతయ్య బిడ్డవా నువ్వు" అన్నాడు. "ఏ దిబ్బని చెప్పేదమ్మా. గుంత ఒకటే. కింద రాయి పడింది, రెండో గుంత తెగలేదు. తెల్లారకముందే ముగ్గుర్నీ ఒకే గుంతలో... ఏ పక్క ఎవరో నేను సూడలేదు, సూడలేకపోయినా. దొరలొస్తాండారని పైన మూడు దిబ్బలు పోపిచ్చినా, మర్యాదగా ఉంటాదని. మీ నాయన అడిగితే ఏమని చెప్పేది? ఉత్త మన్ను అని చెప్పేదా? ప్రతి ఏడూ చెప్పల్లనుకున్యా. ఈమెకు చెప్పమ్మా. నువ్వే చెప్పు. నేనన్నది అన్నట్టే చెప్పు."

నాయన అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చింది. ఒకే గుంత. జెస్సీ ఒంటరిగా లేదు. ఆ మాట ఆమె లోపల ఎక్కడో చాలా లోతుకు దిగిపోయింది. దాన్ని తర్వాత చూసుకోవచ్చు, అదిక తనది, ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు. పక్కన మేడం పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. ముసలాయన అంతసేపు మాట్లాడాడు, మెడలో నరాలు ఇంకా ఉబ్బే ఉన్నాయి. ఆయన కళ్ళు జ్ఞానమణి పెదాల మీదే ఉన్నాయి, అన్నట్టే చెప్పు, అన్నట్టే చెప్పు.

ఆమె మేడం వైపు తిరిగి చిరునవ్వు నవ్వింది.

"ఎర్ దాంక్ట్ ఈనెన్" అంది. "ఎర్ ప్రైస్ట్ గాట్."

ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. మేడం కుర్చీ వెనక్కి జరిపి లేచింది, ఆయన దగ్గరికి పోయి, ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, వంగి ఆయన భుజానికి నుదురు ఆనించింది. ఆమె తల మీదుగా ఆయన జ్ఞానమణినే చూస్తున్నాడు. మేడం మొహం ఎత్తేసరికి ఆమె కళ్ళ నుంచి నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి. తెల్లచొక్కా శుభ్రంగా ఉంది. ఆ గదిలో మిరపకాయలు లేవు.